పద్దెనిమిది అడుగుల గోడ

"గోడని ఎంత తట్టినా తలుపు తియ్యదండీ!"

ఆమె ఉలిక్కిపడి తలెత్తింది. హాలు మధ్యలో నిచ్చెన, దాని చివరి మెట్టు మీద ఒక మనిషి, చెవి మీద స్క్రూడ్రైవరు. పట్టపగలు హాల్లో పది బల్బులు వెలుగుతున్నాయి. ఆ మహానుభావుడు పదకొండోది బిగిస్తున్నాడు.

"బరువు మోసే గోడో కాదో చూస్తున్నా. మోసేదైతే ముట్టుకోకూడదు" అందామె. "అయినా నాలుగంతస్తులు ఎక్కి వచ్చిన మనిషికి ముందు మంచినీళ్ళిస్తారండీ, జోకులు కాదు. మీ లిఫ్టు మూడో అంతస్తులో నోరు తెరుచుకుని ఆగిపోయింది. దాని సంగతి చూసే దద్దమ్మ ఎవడో గానీ!"

"ఆ దద్దమ్మని నేనేనండీ" అన్నాడతను, నిచ్చెన దిగుతూ. "లిఫ్టు మెకానిక్‌ని. ఊళ్ళో నూటపది లిఫ్టులు నా మాట వింటాయి. సొంత బిల్డింగులోది వినదు. దానికి పార్టులు చెయ్యడం మానేసి ఇరవయ్యేళ్ళయింది."

ఆమె నాలిక కరుచుకుంది. అతను మాత్రం ఏమీ జరగనట్టు లోపలికి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తెచ్చిచ్చాడు.

పాతకాలపు ఫ్లాటు అది. బెడ్‌రూమ్ గుమ్మం దగ్గర మొదలై వంటగది దాకా పద్దెనిమిది అడుగుల గోడ ఇంటిని నిలువునా చీలుస్తోంది. గోడకి ఒక పక్క హాలు, బాల్కనీ. రెండో పక్క ఎండ మొహం ఎరగని ఇరుకు డైనింగ్ గది.

"మా నాన్నకి చూపు తగ్గుతోందండీ" అన్నాడు మెకానిక్. ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం గొంతులో జోకు లేదు. "రెండేళ్ళ కింద చూపిస్తే వెలుతురు బాగా ఉండాలన్నాడు డాక్టరు. మళ్ళీ చూపిద్దామంటే నాన్న రాడు. బల్బులు పెట్టాను, చాలట్లేదు. ఈ గోడ తీసేసి వంటగది దాకా ఒకటే హాలు చేసేస్తే, బాల్కనీ ఎండ నాన్న కుర్చీ దాకా వస్తుంది. అందుకే పిలిచాను మిమ్మల్ని."

నాలుగేళ్ళు ఆఫీసులో ఇంకొకరి డ్రాయింగులకి గీతలు దిద్దిన డిజైనర్ ఆమె. సొంతంగా చేతికొచ్చిన మొదటి ఇల్లు ఇదే. గోడ లేని ఆ హాలు ఎలా ఉంటుందో అప్పుడే ఆమె కళ్ళకి కట్టేసింది. మంచి కెమెరాతో ఏ మూల నుంచి ఫోటో తియ్యాలో కూడా అనేసుకుంది, ఎందుకు దాచడం!

వెంటనే టేపు తీసి కొలవడం మొదలుపెట్టింది. కిటికీలు, గుమ్మాలు, స్విచ్‌బోర్డులు. గోడకి డైనింగ్ గది వైపు, నేలకి రెండడుగుల పది అంగుళాల ఎత్తున ఒక నల్లటి చార ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఉంది. దాన్నీ కొలిచింది. బెడ్‌రూమ్ గుమ్మానికి పదకొండడుగుల దూరంలో, చార మీదే, ఒక వంగిన మేకు. దాన్నీ కొలిచి ఫోటో తీసింది.

"కొట్టేసే గోడ మీద మేక్కి కూడా కొలతా? తూకం కూడా వేస్తారా?"

"ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాకే కొట్టడం. అది నా పద్ధతి."

"సరే, టేపు గారూ. మీ పద్ధతి కానివ్వండి."

ఆ రోజు నుంచి ఆమె పేరు అదే అయిపోయింది.

*

మెకానిక్ వాళ్ళ నాన్న, ఆ పెద్దాయన, ముప్పై అయిదేళ్ళు గడియారాలు బాగుచేశాడు. భార్య చనిపోయిన ఏడాదే కొట్టు మూసేశాడు. ఎప్పుడు చూసినా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉంటాడు. తుడిచి పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుస్తాడు.

"నమస్తే బాబాయ్ గారూ" అందామె మొదటిసారి.

"బాబాయ్ వద్దమ్మా" అన్నాడాయన, కొడుకు నిలబడ్డ వైపు మొహం తిప్పి. "ఇప్పట్నించీ ఎందుకొచ్చిన వరసలు. అంకుల్ అను, సరిపోతుంది."

మెకానిక్‌కి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. ఆమెకి చెవులు వేడెక్కాయి.

నెల తిరిగేసరికి ఆ దగ్గు అబద్ధం కాదని ఇద్దరికీ తెలిసిపోయింది. ఒకరోజు జోరున వాన. టైల్స్ శాంపిళ్ళు మోసుకుంటూ ఆమె రెండో అంతస్తు దగ్గర ఆయాసపడుతూ కూలబడితే, అతను కిందనుంచి మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మీ స్కూటరు చూసి వచ్చేశా" అన్నాడు, ఆమె చేతిలో టైల్స్ లాక్కుంటూ.

"డ్యూటీ లేదా?"

"ఒక లిఫ్టులో ముగ్గురు ఇరుక్కున్నారు."

"అయ్యో! మరి?"

"వాళ్ళని బయటికి తీశాకే వచ్చాన్లెండి. మరీ అంత దుర్మార్గుణ్ణి కాదు."

ఆమె పక్కున నవ్వింది. అతను ఆ నవ్వుని కాస్త ఎక్కువసేపే చూశాడు. ఆమె కూడా చూడనిచ్చింది.

గోడ కొట్టడానికి ఇంకా మూడు రోజులుందనగా, ప్లాను చివరిసారి చూపిద్దామని ఆమె వెళ్ళింది. కొడుకు డ్యూటీకి వెళ్ళిపోయాడు. పెద్దాయన ప్లాను అందుకుని, అరచేత్తో నిమిరి, "బాగుందమ్మా, చాలా బాగుంది. గాలీ వెలుతురూ వస్తాయి" అన్నాడు.

ప్లాను తలకిందులుగా పట్టుకున్నాడు.

వేళాకోళమేమో అనుకుందామె. ఆయన లేచి, టీ తెస్తానంటూ వంటగదికి బయల్దేరాడు. ఎడమ చేతి వేళ్ళ వెనక భాగం గోడకి ఆనించి నడుస్తున్నాడు. వేళ్ళు సరిగ్గా ఆ నల్లటి చార మీదుగా పోతున్నాయి. మేకు తగలగానే ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాడు. వంటగదిలో కప్పు అంచు లోపలికి వేలు పెట్టి, వేడి వేలికి తగిలేదాకా టీ పోశాడు.

ఆమె వెనకే వంటగది గుమ్మం దాకా వెళ్ళింది.

"అంకుల్... మీకు ఏమీ కనిపించదు కదూ?"

పెద్దాయన కప్పు కింద పెట్టాడు.

"ఏడాదైందమ్మా. అంతకుముందు కాస్త మసగ్గా ఉండేది. ఇప్పుడు అదీ లేదు."

"మీ అబ్బాయికి తెలీదా?"

"తెలిస్తే మా పెద్దమ్మాయికి ఫోన్ చేస్తాడు. అది వచ్చి నన్ను వాళ్ళింటికి తీసుకుపోతుంది. మంచి పిల్లే, ప్రాణంలా చూస్తుంది. కానీ అక్కడ మంచం ఎటుందో బాత్రూమ్ ఎటుందో నాకు తెలీదు. ఎవరో చెయ్యి పట్టుకుని తిప్పాలి. ఇక్కడ అలా కాదు. ఇక్కడ నేను గుడ్డివాణ్ణి కాదమ్మా." మళ్ళీ గోడ వెంట నడిచొచ్చి మేకు మీద చెయ్యి వేశాడు. "ఈ మేకు మా ఆవిడది. వంటగుడ్డ ఇక్కడే తగిలించేది. ఇది తగిలితే ఇంకా ఏడడుగులు నడవాలని లెక్క."

"మరి గోడ కొట్టేస్తే ఎలా అంకుల్? ఆపేద్దాం."

"వద్దు. నాకు కనిపించాలని వాడెంత ఆశ పెట్టుకున్నాడో చూశావా? పదకొండు బల్బులు పెట్టాడు పిచ్చి వెధవ. నాలుగు రోజుల్లో నేనే అలవాటు పడతాను. వాడికి చెప్పనని మాటివ్వు."

ఆమె మాటిచ్చింది.

ఆ సాయంత్రం మెకానిక్‌తో, "గోడ సగం ఉంచుదామా?" అని నీళ్ళు నమిలింది. "సగం ఎందుకండీ? ఈ గోడ తీయించడానికేగా ఇదంతా!" అన్నాడతను. ఆమె ఇంకొక్క మాట రెట్టించలేదు. పెద్దాయనకి మాటిచ్చానని తనకి తాను సర్దిచెప్పుకుంది. అసలు సంగతేమిటంటే ఆ హాలు ఆమెకి కావాలి.

*

"కొట్టమంటే కొడతా, కట్టమంటే కడతా. మధ్యలో నన్ను ఆలోచించమనకండి మేడమ్" అని మేస్త్రీ సుత్తి ఎత్తాడు. రెండు రోజుల్లో గోడ మూటలు మూటలుగా మెట్లు దిగిపోయింది. మేకు మాత్రం ఆమె తనే పీకి, జేబులో వేసుకుంది.

రెండు నెలలు తండ్రీకొడుకులు బెడ్‌రూమ్‌లోనే పొయ్యి పెట్టుకుని సర్దుకున్నారు. ఆదివారం నాటికి అంతా పూర్తయింది. బాల్కనీ నుంచి వంటగది దాకా అడ్డులేని హాలు, నున్నటి తెల్ల టైల్స్, వంటగది అంచున గ్రానైట్ గట్టు, దూరంగా పక్క గోడ పొడవునా ఆరు పొట్టి అల్మారాలు. ఎండ నేల మీద పరుచుకుని మెరుస్తోంది. మెకానిక్ తండ్రిని చెయ్యి పట్టుకుని హాలు నడిమధ్యకి తీసుకొచ్చి వదిలేశాడు.

"చూడు నాన్నా!"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. ఎండ తగిలిన వైపు మొహం తిప్పాడు. "అబ్బ! ఎంత వెలుతురురా" అన్నాడు.

కొడుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె కెమెరా ఎత్తి ఫోటో తీసింది. తర్వాత చూస్తే ఆ ఫోటో చెదిరిపోయి ఉంది.

*

సోమవారం సాయంత్రం నాలుగింటికి, అల్మారా పిడి ఒకటి మార్చాలని ఆమె తన దగ్గరున్న తాళం చెవితో తలుపు తీసింది.

పెద్దాయన హాలు మధ్యలో నేల మీద కూర్చుని ఉన్నాడు. కుడి మణికట్టు వాచి నల్లబడింది. పంచె తడిసి ఉంది. ఆ తడి తెల్ల టైల్స్ మీద పారి ఆరిపోయింది కూడా.

"ఎవరూ?"

"నేను అంకుల్. అయ్యో, ఏమైంది? ఎంతసేపట్నుంచి ఇలా?"

"పదింటికి మంచినీళ్ళకని బయల్దేరానమ్మా. ఎటు తిరిగానో ఏమో, గట్టు మూల తగిలి పడ్డాను. లేచి నాలుగు వైపులా వెళ్ళి చూశాను, చేతికి ఏమీ తగల్లేదు." ఆయన నవ్వబోయాడు. "సొంత ఇంట్లో దారి తప్పిపోయాను చూడు."

"కేకెయ్యచ్చు కదా అంకుల్!"

"కేకేస్తే పక్కింటివాళ్ళొస్తారు. వాళ్ళొస్తే వాడికి తెలుస్తుంది."

ఆమెకి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఆయన పంచె మార్చింది, నీళ్ళు తాగించింది, మెకానిక్‌కి ఫోన్ చేసింది.

ఆసుపత్రిలో విరిగిన మణికట్టుకి కట్టు కట్టిన డాక్టరు, కళ్ళలోకి టార్చి వేసి చూసి, ఈయనకి చూపు పోయి చాలాకాలమైందే అన్నాడు. మెకానిక్ గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. కాసేపటికి ఆమె వైపు తిరిగాడు.

"మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"గోడ కొట్టకముందు నుంచి."

తిట్టినా బాగుండేది. అతను తిట్టలేదు. "నాన్నని అక్క తీసుకెళ్తుంది. ఆదివారం వస్తోంది. ఇంక మీరు వెళ్ళండి" అని మాత్రం అన్నాడు. మొదటిసారి టేపు గారూ అని పిలవలేదు.

*

రెండు రోజులు ఆమె తిండి సరిగా తినలేదు. బుధవారం పొద్దున్నే సర్వే ఫైలు పట్టుకుని, తన్ని తగలేసినా సరే అనుకుని నాలుగంతస్తులు ఎక్కింది.

తలుపు బార్లా తీసి ఉంది. హాల్లో మెకానిక్, కళ్ళకి తువ్వాలు కట్టుకుని, చేతులు ముందుకి చాచి నడుస్తున్నాడు. ఆరడుగులు వేశాడు, ఆగాడు. పక్కకి తిరిగాడు, మళ్ళీ తిరిగాడు. గాలిలో చేతులు ఆడించాడు. గట్టు మూల నడుముకి తగిలి, అబ్బా అని వంగిపోయాడు.

"ఎవరు?" అన్నాడు అడుగుల చప్పుడికి.

"టేపు."

అతను తువ్వాలు తీయలేదు. "బాల్కనీ ఎటుంది?"

"మీ వెనకాల."

"ముందుందనుకున్నా." అక్కడే కింద కూర్చున్నాడు. "మా నాన్న ఆరు గంటలు ఎలా కూర్చున్నాడో చూద్దామనుకున్నానండీ. అయిదు నిమిషాలు కూడా నా వల్ల కాలేదు. వెలుతురు కోసం కొట్టించాను గోడ. నేనే కొట్టించాను."

"మీరు తెలీక కొట్టించారు. నేను తెలిసి కొట్టించాను." ఆమె అతనికి ఎదురుగా కూర్చుంది. "మీ నాన్నగారికి మాటిచ్చానని చెప్పి తప్పించుకోను. నాకు ఈ హాలు కావాల్సొచ్చింది. ఫోటోలు కావాల్సొచ్చాయి. ఆయన అలవాటు పడతానంటే నమ్మడం నాకు సుఖంగా అనిపించింది. తప్పు చేశాను."

అతను తువ్వాలు లాగేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మీరు నాతో చెప్పుంటే..."

"చెప్పుంటే గోడ ఉండేది. ఆయన చెయ్యి విరిగేది కాదు."

ఆమె ఫైలు తెరిచి ఫోటో ముందు పెట్టింది. గోడ, దాని మీద నల్లటి చార.

"ఇదేంటి, మరక?"

"మీ నాన్నగారు నడిచిన దారి. రెండడుగుల పది అంగుళాల ఎత్తు. ఆ పొట్టి అల్మారాలు ఒక్కోటి మూడడుగుల వెడల్పు. ఆరు కలిపితే పద్దెనిమిది. టైల్స్ కింద గోడ ఎక్కడుండేదో అంగుళం తేడా లేకుండా నా దగ్గర ఉంది. అల్మారాలు అక్కడికి జరిపితే, ఎండ వాటి మీదుగా వస్తుంది, ఆయన చెయ్యి వాటి వెంట పోతుంది. కాకపోతే అంచులు పదును. ఏదైనా నున్నటి కడ్డీ కావాలి."

మెకానిక్ ఫోటోని చాలాసేపు చూశాడు. చూపుడువేలు చార వెంట నెమ్మదిగా నడిపించాడు. తర్వాత లేచి స్క్రూడ్రైవరు వెతుక్కున్నాడు.

"ఎక్కడికి?"

"మూడో అంతస్తుకి. ఆ లిఫ్టు లోపల పట్టుకోడానికి టేకు కడ్డీలున్నాయి. నలభై ఏళ్ళు జనం చేతులు తగిలి అద్దంలా అయ్యాయి. అసోసియేషన్ వాళ్ళు లిఫ్టుని తుక్కు కింద తీసేయమని నాకే రాసిచ్చారు. మిగతావి మా గోడౌన్లో ఉంటాయి. ఆ టేపు ఇలా ఇవ్వండి."

*

ఆదివారం మధ్యాహ్నం అక్క ఖాళీ సూట్‌కేసుతో దిగింది. నాన్న చేతికట్టు చూసి ఏడ్చింది, తమ్ముణ్ణి చెడామడా తిట్టింది, డిజైనర్ని ఒక చూపు చూసింది. ఆ చూపు కంటే తిట్లే నయం.

"నాన్నా, బట్టలు సర్దుతున్నా. ఇక్కడ ఇంకో పూట కూడా ఉండక్కర్లేదు."

మంచం మీద పెద్దాయన తల దించుకుని కూర్చున్నాడు. వారంలో పదేళ్ళు మీదపడ్డట్టున్నాడు. "నీ ఇష్టం తల్లీ" అన్నాడు.

"అక్కా, అయిదు నిమిషాలు ఆగు" అన్నాడు మెకానిక్. "నాన్నా, ఒక్కసారి లేచి గుమ్మం దగ్గరకి రా. ఎడమ చెయ్యి చాపు."

"ఎందుకురా, మళ్ళీ పడెయ్యడానికా?" అక్క అడ్డం వచ్చింది.

పెద్దాయన అప్పటికే లేచాడు. గుమ్మం దాకా వచ్చి, భయం భయంగా ఎడమ చెయ్యి చాపాడు. వేళ్ళ వెనక నున్నటి టేకు తగిలింది. ఎత్తు సరిగ్గా చెయ్యికి అందింది. ఒక అడుగు వేశాడు, ఇంకోటి వేశాడు. నాలుగో అడుగుకి నడుం నిటారైంది. వెనకాల అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

పదకొండడుగుల దగ్గర వేలికి ఇంకేదో తగిలింది. చల్లగా, కాస్త వంకరగా.

పెద్దాయన ఆగిపోయాడు. రెండు వేళ్ళతో దాన్ని తడిమాడు. గడియారంలో ముల్లుని పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకున్నాడు.

"ఇది... అదేనా?"

"అదే అంకుల్. పారేయలేదు" అందామె.

ఆయన వంగి ఆ మేకుకి నుదురు ఆనించి, చప్పుడు లేకుండా ఏడ్చాడు. ఎవరూ దగ్గరకి వెళ్ళలేదు. కాసేపటికి తనే కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇంకా ఏడడుగులు" అని గొణుక్కుంటూ వంటగదిలోకి వెళ్ళాడు. ఒంటి చేత్తోనే టీ పెట్టాడు. ఆలస్యమైంది, సగం చక్కెర కింద పోసేశాడు. అయినా నాలుగు కప్పులూ తనే నింపాడు.

అక్క టీ తాగి సూట్‌కేసు మూసేసింది. "రెండు నెలలు చూస్తాను. మళ్ళీ పడ్డాడని తెలిసిందా, తండ్రీకొడుకులిద్దర్నీ ఇందులో కుక్కి తీసుకుపోతా" అంది. అంటూనే ముక్కు చీదుకుని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది.

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "కొలతల పిల్లా, ఉన్నావా, వెళ్ళిపోయావా?"

"ఉన్నా అంకుల్."

"నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. నీకు అబద్ధం నేర్పింది నేనే, కాబట్టి నా మీదా ఉంది. అది అలా ఉండనీ. వాడు నీకేమైనా చెప్పాడా?"

"నాన్నా!" అన్నాడు మెకానిక్.

"నాకు కనిపించకపోవచ్చు, చెవులు బానే ఉన్నాయి. మామూలు రోజుల్లో నాలుగంతస్తులూ కాళ్ళీడ్చుకుంటూ ఎక్కుతాడు. నీ స్కూటరు కింద ఉన్న రోజు మెట్లు రెండేసి ఎక్కుతాడు. మూడు నెలలుగా వింటున్నా."

ఆమె తల దించుకుంది. మెకానిక్ కడ్డీ మీద చెయ్యి పెట్టుకుని, లేని దుమ్ము తుడిచాడు.

"టేపు గారూ" అన్నాడు చివరికి. వారం తర్వాత ఆ పిలుపు విని ఆమె తలెత్తింది. "మిమ్మల్ని క్షమించానో లేదో నాకే ఇంకా తెలీదు. నాన్న కట్టు చూసినప్పుడల్లా మండుతుంది. కానీ ఈ వారంలో మీరు రాని రెండు రోజులూ, ఈ ఇంట్లో నాకు ఊపిరాడలేదు. మీరంటే ఇష్టం. మీరు వస్తూ ఉండాలి."

"క్షమించకపోయినా వస్తాను" అందామె. "మీరంటే నాకూ ఇష్టమే. వానలో టైల్స్ లాక్కున్న రోజు నుంచి."

అతను కడ్డీ మీద చెయ్యి జరిపాడు. ఆమె చెయ్యి కూడా అక్కడే ఉంది. ఎవరూ తీయలేదు. బయట ఎప్పుడు పొద్దుగూకిందో, హాలంతా ఎప్పుడు నల్లబడిందో ఇద్దరికీ తెలీలేదు.

"ఒరేయ్" అన్నాడు పెద్దాయన కుర్చీలోంచి, "ఒంటికి ఎండ తగలడం మానేసి చాలాసేపైంది. స్విచ్ చప్పుడు మాత్రం వినపడలేదు. నాకంటే తప్పదు, మీరిద్దరూ చీకట్లో కూర్చోవడమేంట్రా? లైటు వెయ్యండి."

"వేస్తున్నా మావయ్యా" అని ఆమె లేచింది.

స్విచ్ ఠక్కున పడింది.

"ఆఁ, ఇప్పుడు బాగుంది" అన్నాడు పెద్దాయన.